“ఏవండీ” అంటే “ఆఁ”

(ఆరోగ్య శీర్షిక)



పోయిన నెల ఈ శీర్షికలో రక్తపోటు గూర్చి, ఆవకాయలోని ఉప్పు గూర్చి వ్రాశాను. దాని ఫలితం మొన్న ఉగాది సంబరాలలో తెలిసింది. భోజనాల వరసలో నిలబడి ఉండగా ఒక సోదరి, “డాక్టరుగారూ, ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాం. మరి మా ఇంట్లో బి.పి. పెంచే అసలు వస్తువు సోఫాలో కూచుని టీవీ చూస్తూ ఉంటుంది. దానికేమిటి మందు?” అని అడిగారు. ఆ వస్తువు పక్కనే నిలబడి పులిహోర వడ్డించుకుంటోంది. అందరం నవ్వాం. ఆ వస్తువు కూడా నవ్వింది.

నవ్వి ఊరుకోవలసిన మాటే. కాని ఇంటికి వస్తూ కారులో మా ఆవిడ, “ఆవిడ నయం. నవ్వుతూ అయినా అనగలిగింది” అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. పదిహేను మైళ్ళ ప్రయాణం ఆ రాత్రి చాలా దూరం అనిపించింది.

అందుచేత ఈ నెల కొలెస్టరాల్ గూర్చి వ్రాస్తానన్న మాట తప్పుతున్నాను. చాలా కాలం కలిసి కాపురం చేసిన దంపతుల దగ్గర నేను నేర్చుకున్న సంగతి ఒకటి చెబుతాను. ఇదీ గుండెకు సంబంధించినదే కనుక శీర్షిక మారలేదనే అనుకోండి. ఇతరుల ఇంటి సంగతులు వ్రాయడం మర్యాద కాదు. పైగా మన సంఘం చిన్నది; పేరు చెప్పకపోయినా ఎవరో మీరు పోల్చేస్తారు. కనుక ముందు మా ఇంటి సంగతే చెబుతాను.

రెండేళ్ళ క్రితం మాట. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కూడా రోగుల వివరాలు కంప్యూటరులో ఎక్కించే పని మా డాక్టర్లను వదలదు. భోజనం కాగానే నేను ఆ పెట్టె ముందు కూర్చునేవాడిని. వంటింట్లోంచి మా ఆవిడ ఏదో చెబుతూ ఉండేది. నేను “ఊఁ” అంటూ ఉండేవాడిని. ఒక ఆదివారం మా అత్తగారు ఫోనులో, “మీ మామగారికి కట్టు విప్పేశారు బాబూ, కన్ను శుభ్రంగా కనిపిస్తోందట” అన్నారు. “ఏ కన్నండీ?” అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

మామగారికి శుక్లం ఆపరేషను జరిగి అప్పటికి పది రోజులు. అల్లుడు డాక్టరు. “నాకు చెప్పలేదేం?” అని మా ఆవిడ మీద విసుక్కున్నాను.

“చెప్పాను. రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ మీరు ‘ఊఁ’ అన్నారు. మూడోసారి చెప్పబుద్ధి కాలేదు” అంది.

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది, గిన్నెలు సర్దుకుంటూ. నాకు భయం వేసింది. ఇదివరకు తను ఆఫీసు సంగతులు చెప్పేది, వాళ్ళ అక్కతో ఫోనులో మాట్లాడినవి చెప్పేది, చలికాలమంతా ఇంట్లో పెట్టి కాపాడిన కరివేపాకు మొక్క చిగురు వేస్తే పిలిచి చూపించేది. అవన్నీ ఎప్పుడు మానేసిందో నేను గమనించనే లేదు. మాకు పెద్ద పోట్లాటలేవీ లేవు. ఇంటి అప్పు, పిల్ల చదువు, ఎవరు దింపాలి, ఎవరు తీసుకురావాలి, అన్నీ సక్రమంగా నడుస్తున్నాయి. ఇద్దరు మంచి గుమాస్తాలున్న ఆఫీసు ఎలా నడుస్తుందో అలా నడుస్తున్నాయి.

రోగి నోటి మాటను శ్రద్ధగా వింటే సగం జబ్బు అక్కడే తెలుస్తుందని మాకు వైద్య కళాశాలలో చెప్పారు. అది నేను ఆసుపత్రికి మాత్రమే వర్తించే సూత్రమనుకున్నాను.

ఆ రోజులలోనే నా దగ్గరకు ఒక వృద్ధ దంపతులు వస్తూ ఉండేవారు. (వివరాలు కొంత మార్చి వ్రాస్తున్నాను.) ఆయన జీవితమంతా మొక్కజొన్న పండించిన రైతు. ఆవిడకు గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే జబ్బు. పెళ్ళై అరవై ఒక్క సంవత్సరాలు. ఈ జబ్బు ఉన్నవారిని మేము కొన్ని ప్రశ్నలు తప్పక అడుగుతాం: రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు, ఎంత దూరం నడిస్తే ఆయాసం వస్తోంది, రోజూ పొద్దున్నే బరువు చూసుకుంటున్నారా అని. ఆవిడ దేనికైనా “బాగానే ఉన్నాను” అనే జవాబు చెప్పేది. ఒకసారి అలాగే చెప్పింది. అప్పుడు మూలన కూర్చున్న ముసలాయన గొంతు సవరించుకుని, “పోయిన నెల మేడమీదికి వెళ్ళేటప్పుడు ఏడు మెట్లు ఎక్కి ఆగేది. ఇప్పుడు నాలుగో మెట్టు దగ్గర ఆగుతోంది. ఆగి, గోడమీద ఫోటో సరిచేస్తున్నట్టు నటిస్తోంది” అన్నాడు.

ఆవిడ ముఖం ఎర్రబడింది. “నువ్వు చూశావా!” అంది. నా స్టెతస్కోపు అప్పటికి ఇంకా చెప్పని సంగతిని ఆయన చెప్పాడు. ఆ రోజు మందు మోతాదు మార్చాను.

మన పెళ్ళిళ్ళలో ఏడు అడుగులు కలిసి నడిపిస్తారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా, సప్తపది ఆచారం ఉన్నచోట ఏడో అడుగు పడినప్పుడే పెళ్ళి పూర్తయినట్లు లెక్క అని చెబుతోంది. ఆ ఏడు అడుగులూ వేసినవాళ్ళం మనం. అరవై ఏళ్ళ తరవాత కూడా అడుగులు లెక్కపెడుతున్నవాడు ఆయన.

వెళ్ళేముందు, అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను: ఇన్నేళ్ళ కాపురం రహస్యం ఏమిటని. ఆయనకు వినపడలేదు. ఆవిడ నవ్వి, “చూశారుగా, ఆయనకు చెవులు వినపడవు. నేను పిలిస్తే ఏమన్నానో తెలియదు. అయినా లేచి వస్తాడు” అంది.

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది. ఆవిడ చెప్పిన దానినే లెక్కకట్టి చూసినవారు ఉన్నారని తరవాత తెలిసింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గదిని మామూలు కాపురపు ఇల్లులాగా అమర్చి, కొత్తగా పెళ్ళైనవారిని అందులో ఉంచి, వారి మాటలనూ చేష్టలనూ పరిశీలించాడు. ఇంట్లో ఒకరు “అదిగో ఆ పిట్ట చూడు” అంటారు, లేదా ఊరికే నిట్టూరుస్తారు. అవి చిన్న పిలుపులు. రెండోవారు తలెత్తి చూడవచ్చు, చూడకపోవచ్చు, విసుక్కోవచ్చు. ఆరేళ్ళ తరవాత చూస్తే, కలిసి ఉన్న జంటలు ఆ పరిశీలన రోజులలో నూటికి 86 పిలుపులకు పలికారట. విడిపోయిన జంటలు పలికినవి నూటికి 33. ఎవరు విడిపోతారో ముందే చెప్పగలనని ఆయన అన్న మాటను ఒప్పుకోని పండితులు ఉన్నారు. ఆ తగువులోకి మనం పోనక్కరలేదు. పెద్ద పెద్ద బహుమతులు, పెళ్ళిరోజు విందులు ఆ లెక్కలో లేవని మాత్రం గమనించండి. పిట్టను చూపిస్తే తలెత్తారా లేదా, అంతే.

ఇది మనసుకు సంబంధించిన కబుర్లే, ఒంటికి ఏమిటి అని మీరు అడగవచ్చు. ఒంటికీ ఉంది. మన రాష్ట్రంలోనే, కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ గారి బృందం 2005లో ఒక పరిశోధన ప్రచురించింది. 42 జంటలను ఆసుపత్రిలో ఉంచి, చేతి మీద చిన్న చిన్న పొక్కుల వంటి గాయాలు చేసి, ఒకసారి స్నేహంగా, ఒకసారి తగువు పడే విషయం మీద మాట్లాడించారు. ఒకరినొకరు ఈసడించుకునే జంటల గాయాలు, సౌమ్యంగా ఉండే జంటల గాయాలతో పోలిస్తే, 60 శాతం వేగంతోనే మానాయి. అంటే ఇంట్లో అన్న మాట చర్మం దాకా పోతుందన్నమాట.

2006లో జేమ్స్ కోన్ అనే ఆయన, తన సహచరులతో కలిసి 16 మంది వివాహిత స్త్రీలను ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి, కాలికి చిన్న కరెంటు షాకు తగలవచ్చునని హెచ్చరించి మెదడును పరిశీలించాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకపోతే మెదడులో కలవరం ఎక్కువ. కొత్త మనిషి చెయ్యి పట్టుకుంటే కొంత తక్కువ. భర్త చెయ్యి పట్టుకుంటే ఇంకా తక్కువ. కాపురం ఎంత బాగుంటే మెదడు అంత నిమ్మళించింది. ఇక ఆ చెయ్యి లేకుండా పోతే ఏమవుతుందో 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక లెక్క చెబుతుంది. 55 సంవత్సరాలు, అంతకు పైబడిన 4,486 మంది భార్యలు పోయిన మగవారిని అనుసరించి చూస్తే, మొదటి ఆరు నెలలలో చావులు, ఆ వయసు గృహస్థులలో ఉండవలసిన దానికంటే 40 శాతం ఎక్కువ. “ఆవిడ పోయాక ఆయన ఎన్నాళ్ళో ఉండడు” అని మన ఊళ్ళో పెద్దవాళ్ళు అనే మాటకు అంత దూరంలో ఒక పట్టిక వేశారు.

మన ఇళ్ళల్లో ఈ ప్రస్తావన వస్తే ఒక వాదం తప్పదు. పెద్దలు చేసిన పెళ్ళి నిలుస్తుందా, ప్రేమించి చేసుకున్నది నిలుస్తుందా అని. 1982లో రాజస్థాన్ విశ్వవిద్యాలయానికి చెందిన గుప్తా, సింగ్ అనే ఇద్దరు జయపూర్‌లో 50 జంటలను అడిగి ఒక వ్యాసం వ్రాశారు. ప్రేమ వివాహాలలో ప్రేమ మొదట ఎక్కువగా ఉండి తగ్గింది, పెద్దలు చేసిన వాటిలో తక్కువగా మొదలై ఐదేళ్ళు దాటేసరికి పెరిగిందన్నారు. మన పెద్దవాళ్ళు దీన్ని విని సంతోషిస్తారు. కాని 2012లో ఇక్కడ అమెరికాలో ఉన్న భారతీయులనే, రెండు రకాల పెళ్ళిళ్ళవారినీ కలిపి 58 మందిని అడిగితే ప్రేమలోనూ తృప్తిలోనూ తేడా ఏమీ కనబడలేదు. రెండూ చిన్న లెక్కలే. నాకు తోచేది ఇది: తలుపు ఏదైతేనేం, లోపలికి వచ్చాక ఇంట్లో దీపం ఎవరు పెడుతున్నారన్నది ముఖ్యం.

ఇక మా అమ్మా నాన్నల సంగతి. పోయిన వేసవిలో వాళ్ళు మా దగ్గరకు వచ్చి ఐదు నెలలు ఉన్నారు. నాన్నగారు తెనాలి వైపు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పని చేసి రిటైరయ్యారు. 1983లో వాళ్ళ పెళ్ళి అయింది. నాకు తెలిసినంతలో వాళ్ళు ఒకరితో ఒకరు ప్రేమగా మాట్లాడగా నేను వినలేదు. ఉప్పు తక్కువైందంటారు ఆయన, మీ నాలుక మొద్దుబారిందంటుంది ఆవిడ.

మా అమ్మకు రోజంతా “ఏవండీ” అని పిలవడం అలవాటు. భర్త పేరు నోట పలకకూడదన్న రోజులలో మన ఆడవాళ్ళకు మిగిలిన మాట అది. “ఏవండీ, పాలు పొంగాయేమో చూడండి.” “ఏవండీ, ఆ చెట్టు పేరేమిటి?” “ఏవండీ, ఇవాళ ఏం వారం?” మా అమ్మాయికి ఇది పెద్ద వింత. ఒక శనివారం కాగితం పుచ్చుకుని మెట్ల మీద కూచుని, నానమ్మ ఎన్నిసార్లు పిలిచిందో గీతలు గీసింది. సాయంత్రానికి ముప్ఫై ఏడు. “తాతయ్య ఎన్నిసార్లు పలకలేదు?” అని అడిగాను. కాగితం తిరగేసి చూసి, “రెండు సార్లు. అప్పుడు తాతయ్య స్నానం చేస్తున్నాడు” అంది.

పేపరు చదువుతున్నా, సంధ్యవార్చుకుంటున్నా, కునికిపాట్లు పడుతున్నా, ఆ పిలుపు వినపడగానే ఆయన నోటి నుంచి “ఆఁ” అని వస్తుంది. ఒక్కోసారి విసుగ్గా వస్తుంది. కాని వస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా వింటున్న నాకు ఇది ఎనిమిదేళ్ళ పిల్ల లెక్కపెడితే తెలిసింది.

ఆ రాత్రి అమ్మ పప్పు ఏరుతూ ఉంటే పక్కన కూర్చుని, “నాన్నగారు మొదటి నుంచీ ఇంతేనా?” అని అడిగాను.

“ఇంతే అంటే?”

“పిలిస్తే పలకడం.”

అమ్మ చెయ్యి ఆగింది. “లేదురా. కొత్తలో పలికేవారు కాదు. ఆ రోజుల్లో పెళ్ళాం పిలవగానే మొగుడు పలికితే నామోషీ. మీ నానమ్మ వినేది, అరుగు మీద వాళ్ళు నవ్వేవాళ్ళు. రెండోసారో మూడోసారో పిలిస్తే, ఏదో పని ఉన్నట్టు లోపలికి వచ్చేవారు” అంది. కాసేపు ఊరుకుని, “నీకంటే ముందు ఒకటి పోయింది. నీకు తెలియదు” అంది.

1985లో సంగతి అట. అమ్మకు మూడో నెల. సాయంత్రం నూతి దగ్గర నీళ్ళు తోడుతూ ఉంటే కళ్ళు తిరిగాయి. గట్టు పట్టుకుని “ఏవండీ” అని పిలిచింది. నాన్నగారు వీధి అరుగు మీద స్నేహితులతో పేకాడుతున్నారు. పలకలేదు. మళ్ళీ పిలిచింది. ఎవరో “మాస్టారికి పిలుపొచ్చింది” అంటే అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. మూడోసారి పిలవడానికి అమ్మకు ఓపిక లేకపోయింది. నూతి పళ్ళెంలో పడి ఉంటే పక్కింటి పిన్నిగారు చూసి కేకవేసింది. మూడో రోజున గర్భం పోయింది.

“ఆ తరవాత మీ నాన్నగారు నన్ను ఏమీ అనలేదు, నేనూ ఆయనను ఏమీ అనలేదు. కాని పేకముక్క మళ్ళీ పట్టుకోలేదు. పిలిస్తే పలకని రోజూ లేదు” అంది అమ్మ, పప్పు చాట మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

మర్నాడు పొద్దున నాన్నగారితో నడకకు వెళ్ళాను. డాక్టరును కదా, ఆయన మనసులోని బరువు దించుదామనుకున్నాను. మొదటి మూడు నెలలలో పోయే గర్భాలలో సుమారు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల పోతాయని, ఆ దశలో గర్భసంచి తుంటి ఎముకల నడుమ భద్రంగా ఉంటుందని, మామూలుగా పడినంత మాత్రాన గర్భం పోదని విడమరచి చెప్పాను. అంతా విన్నారు.

“తెలుసురా. డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది, పడటం వల్ల కాదని” అన్నారు. నాలుగడుగులు వేశాక, “అది కాదు. ఆవిడ పిలిచింది. నాకు వినపడింది. వినపడి ఊరుకున్నాను” అన్నారు.

నేను ఇంకేమీ చెప్పలేకపోయాను. ఆయన వినపడి పలకలేదు. నేను వినకుండా పలికాను. ఆయన అరుగు మీద స్నేహితులకు వెరచాడు, నేను కంప్యూటరుకు వెరచాను. ఆయనకు ఒక్క సాయంత్రంతో తెలిసింది. నాకు తెలియడానికి మామగారి కన్ను కావలసి వచ్చింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చాలా ఏళ్ళు కలిసి ఉన్నవారందరూ ప్రేమతో ఉన్నారని నేను అనను. మా నానమ్మ జీవితమంతా తాతయ్య పిలుపుకు పరుగెత్తింది. ఆవిడ పిలుపుకు ఎవరు పలికారో నాకు తెలియదు. భయంతో అనే “ఆఁ” వేరు. మనలో “సర్దుకుపోవాలి” అనే ఉపదేశం ఎప్పుడూ ఒకరికే చేస్తూ ఉంటాం. ఈ దేశంలో ఆ ఇబ్బంది మరీ ఎక్కువ. హెచ్-4 వీసా మీద వచ్చిన జీవిత భాగస్వాములలో కొందరికి పని చేసుకునే అనుమతి 2015లో గాని రాలేదు. చదువు ఉండీ, నాలుగు గోడల మధ్య, కారు నడపడం రాక, పిలిస్తే పలికే మనిషి సాయంత్రం దాకా లేక గడిపిన సోదరీమణులు మన మధ్యనే ఉన్నారు. చెయ్యి చేసుకునే చోట, డబ్బూ పాస్‌పోర్టూ దాచిపెట్టే చోట ఈ వ్యాసం వర్తించదు. అది ఓర్చుకోవలసిన విషయం కాదు, బయటికి చెప్పవలసిన విషయం. అందుకోసమే 1985లో న్యూజెర్సీలో మన దక్షిణాసియా స్త్రీలు కొందరు ‘మానవి’ అనే సంస్థను స్థాపించారు. మీ డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడిగే హక్కు మీకు ఉంది. అడగండి.

మిగిలినవారికి, అంటే నా వంటి గుమాస్తా కాపురాల వారికి, అలవాటు ప్రకారం ఒక మందుచీటీ వ్రాస్తాను. ఖర్చు లేదు, ఇన్సూరెన్సు వాళ్ళను అడగనక్కరలేదు.

ఒకటి. పిలిస్తే పలకండి. నిజంగా తీరిక లేకపోతే “పది నిమిషాలు ఆగు, వస్తాను” అనండి. అన్నాక పదకొండో నిమిషాన మీరే లేచి వెళ్ళి “ఇందాక ఏమన్నావు?” అని అడగండి. ఈ రెండో సగం మరిచిపోతే మొదటి సగం పనిచేయదు. “ఊఁ” అనేది జవాబు కాదు. నేను అనుభవం మీద చెబుతున్నాను.

రెండు. రోజుకొక మాట, పిల్లల చదువు, ఇంటి అప్పు, గ్రీన్‌కార్డు ఈ మూడూ కాకుండా మరొక దాని గూర్చి మాట్లాడండి. మొదటి వారం ఏమీ తోచదు. మాకు తోచలేదు. ఇద్దరం ముఖముఖాలు చూసుకుని నవ్వుకున్నాం. అదీ మందు కిందే లెక్క.

మూడు. తగువు వస్తే రానివ్వండి, కాని “మీ వాళ్ళు” అనే మాటతో మొదలుపెట్టకండి. పోట్లాడుకునే వేళలో కూడా ఒక చేదు మాటకు ఐదు మంచి మాటలైనా ఉన్న జంటలు నిలబడ్డాయని గాట్‌మన్ లెక్క. అంత లెక్క మనకు కుదరకపోయినా, మనం అప్పు పడకుండా చూసుకోవచ్చు.

నాలుగు. మెట్లు లెక్కపెట్టండి. ఆవిడ ఎక్కడ ఆగుతోందో, ఆయన దేనికి నిట్టూరుస్తున్నాడో డాక్టరుకంటే ముందు మీకు తెలియాలి. నలభై దాటాక ఇది మరీ అవసరం. “బాగానే ఉన్నాను” అని అందరితో చెప్పే మనిషిని బాగా చూడగలిగేది ఆ ఇంట్లో ఉన్న రెండో మనిషే.

ఈ మందు నా ఇంట్లో పూర్తిగా పనిచేసిందని గొప్పలు చెప్పను. రెండేళ్ళ మౌనం రెండు వారాలలో పోదు. మొదట్లో నేను కంప్యూటరు మూసి వెళ్ళి “ఏమన్నావు?” అంటే, “ఏమీ లేదు లెండి” అనేది. చాలా రోజులు అలాగే అంది. మొన్న ఫిబ్రవరిలో ఒక రాత్రి, మంచు పడుతూ ఉండగా, “ఏవండీ, ఒకసారి ఇలా రండి” అని పిలిచింది. కరివేపాకు కుండీ దగ్గర నిలబడి ఉంది. ఒక చిగురు వేసింది, గోరంత. ఇద్దరం కాసేపు చూశాం. అంతకంటే చెప్పుకోదగినది ఏమీ జరగలేదు. కాని ఆ పిలుపు రావడానికి నాకు ఏడాది పైన పట్టింది. కనుక మీ ఇంట్లో పిలుపు ఇంకా వస్తూ ఉంటే, అది ఆగిపోక ముందే పలకడం నేర్చుకోండి.

అమ్మా నాన్నా సెప్టెంబరులో తిరిగి వెళ్ళారు. విమానాశ్రయంలో తనిఖీ వరసలో అమ్మ ముందు, నాన్నగారు నలుగురి వెనక. అటు పక్కకు వెళ్ళాక అమ్మ కంగారుగా వెనక్కి తిరిగి ఏదో అంది. అద్దం అవతల నుంచి మాకు వినపడలేదు. కాని ఏమందో మాకు తెలుసు. చేతిలో చెప్పులతో, నడుముకు బెల్టు లేకుండా నిలబడి ఉన్న మా నాన్నగారు తలెత్తడం చూశాం.

కొలెస్టరాల్ సంగతి వచ్చే నెల తప్పకుండా వ్రాస్తాను. ఇంకో పేరా వ్రాయవలసి ఉంది గాని, మేడమీద నుంచి పిలుస్తున్నారు. సంపాదకులు క్షమించాలి.

ఆఁ, వస్తున్నా.